పచ్చముఖం

రోజు 203. గంటలు 7.5. ఆగుళ్ళు 4.4. ముఖం పచ్చ.

మా ఇంట్లో నా గురించి తీర్పు అయిపోయింది. నన్ను కన్న మా అవ్వ కుర్చీ మీదే నేను కన్నేశానట. అవ్వ ఈ సొరంగం జనాన్ని పైకీ కిందికీ చేర్చే తొట్టికి డ్రైవరు. నేనూ ఆ పరీక్ష పాసై, ఏడాదిన్నరగా వరసలో మొదటి పేరు నాదే కాబట్టి, ఇక నేనేం చేసినా ఆ కుర్చీ కోసమే. అవ్వ దగ్గితే మంచినీళ్ళు ఇచ్చినా అందుకే, ఇవ్వకపోయినా అందుకే. మూడేళ్ళు పైన కాలేజీలో గణాంకాలు చదివొచ్చిన పిల్ల ఒకచోట కుదురుగా కూర్చోదు, అన్నీ కెలుకుతుంది అని కన్న బాపే అంటాడు. అది నిజమే. కానీ కెలకడం వేరు, కన్నేయడం వేరు. ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు.

ఈ రోజు గొడవ డబ్బా దగ్గర మొదలైంది. డబ్బాలు తుడిచే పని నాది. ఈ సొరంగాల గాలికి ముప్పై దాటిన ఎవరి గొంతైనా నిద్రలో మూసుకుపోతుంది. అందుకే అవ్వకీ, బాపుకీ, లచ్చత్తకీ తలో డబ్బా ఉంది. గొట్టంలోంచి గాలిని ముక్కులోకి తోసి గొంతు తెరిచి ఉంచుతుంది. నాకింకా ఇరవై నాలుగే, నాకు లేదు. వాళ్ళు లేవగానే మాస్కులు గోరువెచ్చని నీళ్ళలో కడుగుతాను, నీళ్ళ గిన్నె ఒంపి కొత్త నీళ్ళు పోస్తాను, ఆఖరికి తెర తుడుస్తాను. తుడిచేటప్పుడు అంకెలు కనిపిస్తాయి. కళ్ళు మూసుకుని తుడవలేను కదా.

“ఏం జూస్తున్నవే దాంట్ల?” అంది అవ్వ, జడ వేసుకుంటూ.

“అంకె చూస్తున్న.”

“పచ్చగున్నదా?”

“ఉన్నది.”

“మరింకేంది? ఎర్రగ ఎప్పుడైతదా అని జూస్తున్నవా?”

బాపు పొయ్యి దగ్గర్నించి తల తిప్పలేదు. లచ్చత్త మాత్రం గిన్నెలోకి చూసుకుంటూ నవ్వింది. బాపు అక్క ఆమె. నా మీది తీర్పు మొదట చదివింది ఆమే.

నేనెందుకు చూస్తున్నానో ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మొన్న తినేటప్పుడు అవ్వ చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఐదు లెక్కపెట్టాను, అప్పుడు ముద్ద లోపలికి పోయింది. నిన్న పైకి వెళ్ళినప్పుడు తొట్టి తెల్లగీత దగ్గర ఆగాల్సింది, గీతకి రెండు వేళ్ళు పైన ఆగింది. పదకొండేళ్ళుగా అవ్వ ఆపితే తొట్టి అడుగూ గీతా ఒకటయ్యేవి. జనం కళ్ళు మూసుకుని దిగేవాళ్ళు.

రోజు 206. గంటలు 7.6. ఆగుళ్ళు 4.7. ముఖం పచ్చ.

తొట్టి ఈ రోజు బెత్తెడు పైన ఆగింది. ఒకాయన అడుగు తప్పి ముందుకి తూలాడు. “సారక్క ఇయ్యాల ఎత్తుగ నిలవెట్టింది,” అని నవ్వి వెళ్ళిపోయాడు.

నేను నవ్వలేదు. మూడువందల నలభై మీటర్ల బావి అది. ఒక్కో విడతకి అరవై మంది. పొద్దుగూకాక ఈ మూడో సొరంగం జనమంతా పైకి పోయి ఆకుకూర పందిళ్ళలో పని చేసి, ఎండ రాకముందే దిగాలి. వేరే దారి లేదు. డ్రైవరుకి తొట్టి కనబడదు. ఇంజను గదిలో గడియారం లాంటిది ఒకటి, దాని మీద ముల్లు, చేతిలో పిడి. అంతే. గీతకి పైన ఇంకో నాలుగైదు మూరలు దాటితే, తొట్టిని పట్టి ఆపే కొక్కెం. కొక్కెం కూడా పట్టకపోతే ఆపైన తాడు తిరిగే చక్రం.

అందరూ పడుకున్నాక అవ్వ డబ్బా దగ్గర కూర్చున్నాను. ముందు తెర మీద మనకి చూపించేది మూడే: మాస్కు ఎన్ని గంటలు పెట్టుకున్నారు, గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, ముఖం. ఆగుళ్ళు ఐదు లోపైతే పచ్చముఖం నవ్వుతుంది. డ్రైవర్లు సోమవారం సోమవారం ఆ ముఖాన్ని తొట్టి ఆఫీసు కిటికీలో చూపించాలి. ఎర్రముఖమైతే ఆ రోజే కుర్చీ దిగాలి.

పక్కనున్న రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకుంటే రెండో తెర వస్తుందని కనిపెట్టాను. అక్కడ నిన్నటి రోజంతా గీతలుగా ఉంది. మొదటి మూడు గంటలు ప్రెషర్ గీత ఆరు దగ్గర, కదలకుండా, నిద్రపోతున్న పాములా ఉంది. ఆ మూడు గంటల్లో ఒక్క ఆగుడు లేదు. తర్వాత గీత ఒక్కసారి లేచి పదికి పోయింది, పోయి అక్కడే ఉండిపోయింది, పొట్టి గదిలో పొడుగు మనిషి తల పైకప్పుకి ఆనించి నిలబడ్డట్టు. ఆ పది కింద ఆగుళ్ళు చీమల బారులా ఉన్నాయి. లెక్కపెట్టాను. ముప్పై ఆరు.

ముప్పై ఆరుని ఏడున్నర చిల్లర గంటలకి పంచితే నాలుగు పాయింట్ ఏడు. పచ్చ.

కానీ మొదటి మూడు గంటలు అవ్వ నిద్రపోలేదు. అరుగు మీద కూర్చుంది.

రోజు 208. గంటలు 8.0. ఆగుళ్ళు 4.9. ముఖం పచ్చ.

అరుగు అంటే మా లైను ఇళ్ళ ముందు పొడుగ్గా ఉన్న రాతి బల్ల. దాని వెనక గోడకి ఇరవై ప్లగ్గులు. ఎప్పుడో డబ్బాలు కొత్తగా వచ్చినప్పుడు జనం మాస్కు ఓర్చుకోలేక పీకేసేవాళ్ళట. అప్పటి నర్సమ్మ, మెలకువగా ఉన్నప్పుడే కాసేపు పెట్టుకుని కూర్చోండి, అలవాటవుతుంది అందట. మంచి మాటే. ఆ కాసేపు గంటయింది, గంట ఆచారమయింది. ఇప్పుడు దిగొచ్చి తిన్నాక డబ్బా తెచ్చి అరుగు మీద కూర్చోకపోతే మనిషికి పొగరు అంటారు. నోరు తెరిస్తే గాలి బుస్సున పోతుంది కాబట్టి చేతులతోనే మాటలు. అష్టాచెమ్మా ఆడతారు, సంబంధాలు కుదుర్చుకుంటారు, తిట్టుకుంటారు, అన్నీ చేతులతోనే. నన్ను చూడగానే లచ్చత్త రెండు వేళ్ళతో కుర్చీ ఆకారం చేసి, నా వైపు చూపించి, కన్ను కొడుతుంది. ఇరవై గొట్టాలూ ఒక్కసారి ఊగుతాయి. అది వాళ్ళ నవ్వు.

మోసం చేస్తున్నామని వాళ్ళెవరికీ తెలీదు. అరుగు మీద కూర్చున్నవాళ్ళకే పచ్చముఖం వస్తుందని మాత్రం అందరికీ తెలుసు. అది వాళ్ళు కూర్చోవడంలోని మహిమ అనుకుంటారు.

బుధవారం కాబట్టి డబ్బాల యాదగిరి వచ్చాడు. వడపోత గుడ్డలు మార్చేవాడూ, సెట్టింగులు పెట్టేవాడూ అతనొక్కడే. రెండో తెర చూపించాను.

“చెల్లే, నువ్వు గీడిదాంక ఎందుకు వోయినవ్?”

“అన్నా, గాలి ప్రెషర్‌కు పై హద్దు పది ఎవరు పెట్టిన్రు?”

“నేనే. నలభై లోపు ఆడోళ్ళకు పది. గట్లనే రాసున్నది.”

“అవ్వకు నలభై ఏడు.”

అతను గొట్టం బిగిస్తూ ఆగాడు. “ఏడేండ్లయిందా? మరి ఎర్రగ రాలే గద ఎన్నడు. నా కాయితంల ఒక్కటే గడి ఉంటది చెల్లే. పచ్చనా, ఎరుపా.”

“మీరు హద్దు పెంచొచ్చు గదా?”

“ఉట్టిగ పెంచితే గాదు. గాలి ఎక్కువైతే గొంతు తెరిచున్నా కొందరు ఊపిరి మర్చిపోతరు. పైన ఆస్పత్రిల పరీక్ష నిద్ర పెట్టి, ఒక్కొక్క మెట్టు ఎక్కించి చూడాలె. రెండు వారాలు. గా రెండు వారాలు కుర్చీ వరసల ముందున్నోళ్ళకు ఇస్తరు.” అప్పుడతనికి గుర్తొచ్చింది. నన్ను ఎగాదిగా చూశాడు. “వరసల ముందున్నది నువ్వే గద?”

ఈ ఊళ్ళో నేను అంకె చెప్పినా కుర్చీలాగే వినిపిస్తుంది.

రోజు 210. గంటలు 4.5. ఆగుళ్ళు 10.2. ముఖం ఎరుపు.

నిన్న పందెం నేనే కాశాను. ఈ ఒక్క రోజు అరుగు మీద మాస్కు లేకుండా కూర్చో అవ్వా, పడుకునేటప్పుడే పెట్టుకో, పచ్చ వస్తే నేను వరసలోంచి పేరు తీయించుకుంటా అన్నాను. ఆ మాటకి అవ్వ కళ్ళు మెరిశాయి. మెరిసినందుకు నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం.

లేచాక ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. ఎర్రముఖం మూతి కిందికి వంచుకుని ఉంది. అవ్వ దాన్ని ఇంతవరకు చూడలేదు. బొటనవేలితో తుడిచింది, మరకేమో అన్నట్టు.

“నలభై ఆరు సార్లు అవ్వా. నాలుగున్నర గంటల్ల.”

“అరుగు మీద గూసుంటే పచ్చగొస్తుండె గద.”

“అరుగు మీద నువ్వు మెలకువతో ఉంటవు. మెలకువతో ఉన్నోళ్ళకు ఊపిరి ఎందుకు ఆగుతది? ఆ ఖాళీ గంటలు కలిపేసరికి సగటు తగ్గుతది. గంజిల నీళ్ళు పోసినట్టు. గంజి పెరగలే, పలచనయింది.”

అర్థమైందని తెలిసింది. అవ్వకి అర్థమైతే ముక్కు పక్కన చిన్న గీత పడుతుంది, ఇంజను గదిలో ముల్లు చూసేటప్పుడు పడినట్టు.

“గంతేనా?” అంది. “అయితే ఇంకో రెండు గంటలు ఎక్కువ గూసుంటే సరిపాయె.”

రోజు 213. గంటలు 8.6. ఆగుళ్ళు 4.8. ముఖం పచ్చ.

సోమవారం. అవ్వ ఐదు గంటలు అరుగు మీద కూర్చుంది. అష్టాచెమ్మా గవ్వలు చేతిలో పట్టుకుని, పడకుండా గోడకి ఆనుకుని, పక్కామె లేచిపోయాక ఒక్కతే. నిద్ర మూడున్నర గంటలు, కాస్త ఎక్కువ. నలభై ఒక్క ఆగుళ్ళు. నిజం లెక్క గంటకి పదకొండు దాటింది. ఆఫీసు కిటికీలోని మనిషి పచ్చముఖం చూసి ముద్ర కొట్టాడు.

ఎంత కూర్చుంటే అంత పచ్చ, ఎంత పచ్చ అయితే అంత తక్కువ నిద్ర. ఈ లెక్క నేనే నేర్పాను.

తొట్టి జానెడు పైన ఆగింది. ఇప్పుడు జనం అడుగు చూసుకుని దిగుతున్నారు. “తాడు చెడినట్టుంది,” అంటున్నారు.

అవ్వ పడుకున్నాక మాస్కు సర్దే వంకతో రెండో తెర తెరిచాను. దాని వెనక మూడోది ఉంది. పై హద్దు పది. పైకి గుర్తున్న మీట నొక్కాను. పదకొండు. పన్నెండు. పదమూడు. యాదగిరి చెప్పింది నాకు గుర్తుంది. ఒక్కొక్క మెట్టు అన్నాడు. మూడు మెట్లు ఒకేసారి ఎక్కించాను. గీతకి తల పైన కాస్త చోటిస్తే చాలనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

రోజు 214. గంటలు 4.8. ఆగుళ్ళు 3.1. ముఖం పచ్చ.

ఇంతకంటే మంచి అంకె ఆ డబ్బా ఎప్పుడూ చూపించలేదు. ముఖం నవ్వుతోంది.

జరిగింది ఇది. అరుగు మీద మూడున్నర గంటలు. తర్వాత పడుకుంది. ప్రెషర్ పదమూడుకి పోయింది, మాస్కు అంచులు లేచాయి, గాలి కళ్ళలోకి కొట్టింది. రెండో తెర మీద గాలి ఎంత కారిపోయిందో ఉంటుంది. నిమిషానికి ఇరవై నాలుగు లీటర్లు దాటకూడదు, నలభై ఒకటి ఉంది. గంటంబావుకి అవ్వ నిద్రలోనే మాస్కు పీకేసింది. ఆ తర్వాత డబ్బా లేకుండా పడుకుంది. ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో డబ్బాకి తెలీదు. తెలీనిదాన్ని అది లెక్కపెట్టదు. ఉన్నవి పదిహేను, వాటిని అరుగు గంటలతో కలిపి పంచి నవ్వింది.

ఇదంతా నేను తర్వాత చూశాను. పొద్దుగూకేటప్పుడు చూసింది ముఖమొక్కటే. పచ్చగా ఉంది. నేను కూడా ముఖమే చూసి, హద్దు పెంచడం పనిచేసిందనుకుని తొట్టి ఎక్కాను.

యాభై ఎనిమిది మందిమి. బాపు నా పక్కనే సద్దిగిన్నె పట్టుకుని ఉన్నాడు. తొట్టి కదిలింది. బావి గోడ మీద ప్రతి ఇరవై మీటర్లకీ ఒక దీపం ఉంటుంది, నేను చిన్నప్పట్నించీ లెక్కపెడతాను. పదిహేనో దీపం దగ్గర ఇంజను గదిలో గంట మోగుతుంది, వేగం తగ్గాలి. తగ్గలేదు. పదహారు. బాపు నా వైపు చూశాడు. తెల్లగీత మా కాళ్ళ ముందుకొచ్చింది, కాళ్ళ కిందికి జారిపోయింది. వాకిలి దగ్గరి కాపలాదారు చెయ్యి పైకెత్తి అరుస్తున్నాడు. అతని ముఖం కనిపించింది, తర్వాత టోపీ, తర్వాత ఏమీ లేదు. ఎవరో నా భుజం కొరికారు. నెత్తి మీద చక్రం గ్రీజు వాసన వచ్చింది.

అప్పుడు కొక్కెం పట్టింది. తొట్టి ఒక్కసారి పడి, జానెడు కిందికి జారి, వేలాడింది. సద్దిగిన్నె మూత దొర్లుతూ అంచు దాటి పోయింది. అది అడుగుకి తాకిన చప్పుడు వినడానికి అందరం ఊపిరి బిగబట్టాం. చాలాసేపు పట్టింది.

నిచ్చెనల మీద దింపాక నేను ఇంజను గదికి పరిగెత్తాను. అవ్వ కుర్చీలో నిటారుగా ఉంది. చెయ్యి పిడి మీదే ఉంది.

“ఎవలన్న పడ్డరా?” అంది.

“లేదు.”

“బాపు?”

“బాగనే ఉన్నడు.”

ఆఫీసు మనుషులు నా వెనకే వచ్చారు. వాళ్ళు ఇంకా నోరు తెరవకముందే అవ్వ అంది: “తాడు చెడింది.”

రోజు 215. డబ్బా పెట్టలేదు. అంకెలు లేవు.

ఇంటికొచ్చాక నేను చేసింది చెప్పాను. పదమూడు పెట్టింది నేనేనని, మళ్ళీ పదికి తెచ్చేశానని.

లచ్చత్త రెండు చేతులూ చరిచింది. “జెప్పిన్నా లేదా! కుర్చీ కోసం కన్నతల్లి పానం దీస్తదని జెప్పిన్నా లేదా!”

బాపు గోడకేసి చూస్తూ అన్నాడు, “నేను కూడా అందులనే ఉంటి గదా బిడ్డా.” నేనూ అందులోనే ఉన్నానని ఆయనకి గుర్తు రాలేదు.

అవ్వ వాళ్ళిద్దర్నీ అరుగు మీదికి పంపేసి తలుపు వేసింది. ఆమె కళ్ళ కింద మాస్కు అంచుల ముద్ర ఎర్రగా ఉంది.

“పదమూడా?”

“పదమూడు. తప్పు జేసిన.”

“గాలి పాడుగాను, తలకాయ పేలిపోతదనుకున్న.” కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు తీసేసింది. “తాడని అంటున్నరు. తాడే అననియ్యి. కొత్త తాడు ఏస్తరు. నాలుగొద్దులైతే అందరు మర్చిపోతరు.”

“కొత్త తాడు ఏసినా ముల్లును జూసేది ఈ కండ్లే గద అవ్వా.”

“నిన్న పిడి వట్టుకున్న యాది ఉన్నది. పదిహేనో దీపం గంట మోగిన యాది ఉన్నది.” తన అరచెయ్యి చూసుకుంది. “ఆ తర్వాత కొక్కెం చప్పుడే.”

మధ్యలో ఏముందో ఇద్దరికీ తెలుసు.

“పదకొండేండ్లు,” అంది. “ఆడదానికి పిడి ఇస్తరా అని ఎంతమంది నవ్విన్రో నీకు తెల్వదు. గిప్పుడు ఎర్రముఖంతోని దిగాల్నా? నా కుర్చీ కావాలంటే అడుగరాదు బిడ్డా, గీ దొంగ తోవలెందుకు?”

“అడుగుతున్న.”

అవ్వ నన్ను చూసింది. ముక్కు పక్కన గీత పడింది. మంచమ్మీద పక్కకి తిరిగి పడుకుంది. కాసేపటికి ఊపిరి ఆగింది. పన్నెండు లెక్కపెట్టాను. గురక పెట్టి మళ్ళీ అందుకుంది. తలుపు అవతల గొట్టాలు ఊగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పన్నెండు రోజుల అంకెలు శుభ్రంగా తిరగరాశాను. రెండో తెర చూసిన రోజులకి అరుగు గంటలు తీసేసి నిజం లెక్క పక్కన వేశాను. 213న హద్దు మార్చింది ఎవరో నా పేరుతోనే రాశాను. మిగతా డ్రైవర్లకి కూడా అరుగు గంటలు తీసేసి చూడమని రాశాను. సారక్కని పరీక్ష నిద్రకి పంపమని రాశాను. తాడు బాగానే ఉందని రాశాను.

ఇచ్చేముందు కనీసం వరసలోంచి నీ పేరన్నా తీయించుకో, జనం నోళ్ళు మూతపడతాయి అన్నాడు బాపు. తీయించుకోను.

తొట్టి ఆఫీసు కిటికీ తెరవగానే ఈ కాగితాలు ఇస్తాను. హద్దు మార్చినందుకు వాళ్ళు నా పేరు కొట్టేస్తే కొట్టేస్తారు. కొట్టకుండా పిలిస్తే వెళ్ళి కుర్చీలో కూర్చుంటాను.